సముద్రాన్ని ప్రశ్న అడిగిన మనిషి - సర్ సి.వి. రామన్



మన కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళలో సముద్రాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. మనకు తెలిసిన పెద్ద నీళ్ళంటే బుక్కపట్నం చెరువే. అది నిండి మరవ పారిన సంవత్సరాలను మన పెద్దవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. అలాంటి మనకు సముద్రం గురించిన వ్యాసం ఎందుకని మీరు అడగవచ్చు. ఎందుకంటే మన చెరువులో పడే ప్రతి చినుకూ ఒకప్పుడు సముద్రపు నీరే. ముంగారు వానలు అరేబియా సముద్రం మీది గాలి మోసుకొస్తేనే వస్తాయి. మన అనంతపురం సీమ పడమటి కనుమల వానచాటున ఉంది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే మనకు దక్కుతుంది. ఆ గాలి సముద్రం మీద ఎంత వేగంగా వీస్తోందో ముందుగా తెలిస్తే, శనక్కాయ విత్తనం ఎప్పుడు వేయాలో మన నాయనలకు కొంతైనా తెలుస్తుంది.

ఈ రోజు ఆ గాలి వేగాన్ని ఆకాశంలోని ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. అవి సముద్రం మీదికి రేడియో తరంగాలను పంపి, నీటి పైపొర నుండి తిరిగి వచ్చినదాన్ని చదువుతాయి. సముద్రం నుండి తిరిగి వచ్చే కిరణం ఏమి చెబుతోంది అని మన దేశంలో మొట్టమొదట గట్టిగా అడిగినవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు. ఆయన అడిగింది రేడియో తరంగాన్ని కాదు, మామూలు వెలుగును. ప్రతి ఫిబ్రవరి 28న మనం బడిలో సైన్స్ దినోత్సవం జరుపుకుంటాం. ఆయన ఫోటోకు దండ వేస్తాం. నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరం బట్టీ పట్టి చెబుతాం. కాని ఆ కథ ఒక ఓడ పైతట్టు మీద, చేతిలో పట్టే చిన్న పరికరంతో మొదలైందని మనలో చాలామందికి తెలియదు. ఆ కథే ఈ వ్యాసం.

విశాఖ తీరంలో బాల్యం

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. రామన్‌కు నాలుగేళ్ళ వయసులో, అంటే 1892లో, తండ్రికి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా విశాఖ చేరింది. అందువల్ల రామన్ తమిళుడే అయినా ఆయన చదువుకు పునాది పడింది మన తెలుగు గడ్డ మీద, సముద్రపు హోరు వినపడే ఊళ్ళో.

సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి 11 ఏళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. తండ్రి పనిచేసే కళాశాలలోనే చదివి 13 ఏళ్ళకు ఎఫ్.ఎ. పూర్తిచేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఎ.లో బంగారు పతకాలతో మొదటి స్థానం సంపాదించారు. 1906లో, 18 ఏళ్ళ వయసులో, వెలుగు మీద ఆయన రాసిన మొదటి పరిశోధన వ్యాసం ఇంగ్లండులోని ఒక పేరున్న పత్రికలో అచ్చయింది. 1907లో ఎం.ఎ. పూర్తయింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రామన్‌ది ధనిక కుటుంబం కాదు. అయినా ఇంటి నిండా పుస్తకాలున్నాయి, పాఠం చెప్పే తండ్రి ఉన్నాడు, చదువుకోవద్దని తలుపు మూసినవాళ్ళు లేరు. మన తాతలకు ఆ కాలంలో బడి గడప తొక్కే వీలే లేదు. కాబట్టి ఆయన 11 ఏళ్ళకు మెట్రిక్ పాసయ్యారని విని, మనకు ఆ తెలివి లేదని ఎవరూ కుంగిపోవద్దు. ఆయన నుండి మనం తీసుకోవలసింది వయసు లెక్క కాదు. ప్రశ్న అడిగే పద్ధతి.

ఉద్యోగం ఒకటి, మనసు మరొకటి

ఆ రోజుల్లో పైచదువుకు ఇంగ్లండు వెళ్ళాలి. రామన్ బలహీనంగా ఉన్నారని, అక్కడి చలికి తట్టుకోలేరని మద్రాసు సివిల్ సర్జన్ తేల్చి చెప్పాడు. దాంతో ఆర్థికశాఖ పోటీ పరీక్ష రాసి మొదటి స్థానంలో నెగ్గారు. 1907లోనే లోకసుందరి అమ్మాళ్‌ను వివాహం చేసుకొని, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. పెద్ద జీతం, పెద్ద హోదా. ఇంకొకరైతే అక్కడితో స్థిరపడిపోయేవారు.

కలకత్తాలోని బౌబజార్ వీధిలో ఆయనకు ఒక పాత భవనం కనపడింది. మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు 1876లో స్థాపించిన సైన్స్ అసోసియేషన్ అది. పరికరాలున్నాయి, పనిచేసేవాళ్ళు దాదాపు లేరు. రామన్ ఉదయం ఆఫీసుకు వెళ్ళేముందు, సాయంత్రం ఆఫీసు అయ్యాక అక్కడ ప్రయోగాలు చేసేవారు. అశుతోష్ దే అనే సహాయకుడు ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. ఆఫీసు పని మీద రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీ అయినా ప్రయోగాలు మానలేదు. 1911లో మళ్ళీ కలకత్తా చేరారు.

ఆ సంవత్సరాల్లో ఆయన వీణ, మృదంగం, తబలా వంటి వాద్యాల ధ్వనిని పరిశీలించారు. మృదంగం మూత మధ్యలో పూసే నల్లటి కరణి వల్లనే దాని నాదంలో సంగీతానికి కావలసిన శ్రుతి పలుకుతుందని శాస్త్రీయంగా చూపించారు. మన డప్పును మంట మీద కాచి శ్రుతి ఎక్కించడం వెనుక ఏ శాస్త్రం ఉందో రేపు మీలో ఒకరు రాయవలసి ఉంది.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆయన్ను పాలిత్ ప్రొఫెసర్‌గా పిలిచింది. అప్పటి ప్రభుత్వ జీతం కంటే అది చాలా తక్కువ. అయినా రామన్ పదేళ్ళ సర్కారు ఉద్యోగం వదిలి బోధనలోకి వచ్చారు.

ఓడ మీద అడిగిన ప్రశ్న

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల సమావేశానికి రామన్ వెళ్ళారు. అదే ఆయన మొదటి విదేశీ ప్రయాణం. తిరుగు ప్రయాణం సెప్టెంబరులో నార్కుండా అనే ఓడ మీద సాగింది. మధ్యధరా సముద్రపు నీలం రంగు ఆయన్ను కట్టిపడేసింది.

సముద్రం నీలంగా ఎందుకుంటుంది? ఈ ప్రశ్నకు అప్పటికే ఒక జవాబు ఉంది. ఆ జవాబు చెప్పినవాడు సామాన్యుడు కాదు. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో వివరించిన ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ. లోతైన సముద్రపు నీలానికి నీటితో సంబంధం లేదని, అది నీటి అద్దంలో కనపడే ఆకాశపు నీడేనని ఆయన అభిప్రాయం. అంత పెద్దాయన చెప్పాక ఇంకెవరైనా తలాడించి ఊరుకుంటారు. రామన్ ఊరుకోలేదు. అలాగని కోపంగా వాదించనూ లేదు. పరీక్షించి చూశారు.

ఆయన దగ్గర నికల్ పట్టకం అనే చిన్న పరికరం ఉంది. వెలుగు ఒక తరంగం. దాని కంపనం ఒకే దిశలో ఉన్నప్పుడు, ఆ పట్టకాన్ని తగిన విధంగా తిప్పితే వెలుగు ఆగిపోతుంది. నీటి ఉపరితలం మీద ఒక ప్రత్యేకమైన కోణంలో పడి ప్రతిఫలించిన వెలుగుకు సరిగ్గా ఇలాంటి కంపనమే ఉంటుంది. నిట్టనిలువు గీత నుండి సుమారు 53 డిగ్రీల కోణం అది. అంటే ఆ కోణంలో చూస్తూ పట్టకం తిప్పితే, సముద్రం మీద కనపడే ఆకాశపు నీడను తుడిచివేయవచ్చు. రేలీ మాట నిజమైతే, నీడ పోగానే నీలం కూడా పోవాలి.

రామన్ ఓడ పైన నిలబడి పట్టకం తిప్పి చూశారు. ఆకాశపు నీడ పోయింది. నీలం పోలేదు. పైగా ఇంకా చిక్కగా కనపడింది. ఆ నీలం నీటి లోపలి నుండే వస్తోందని తేలిపోయింది. ఓడ బొంబాయి రేవుకు చేరేసరికి ఆయన ఈ విషయం మీద నేచర్ పత్రికకు లేఖ సిద్ధం చేశారు. అది ఆ సంవత్సరమే అచ్చయింది.

సీసాలోకి వచ్చిన సముద్రం

ఓడ మీద చూసింది చాలదని రామన్‌కు తెలుసు. సముద్రంలో ఉప్పు ఉంది, దుమ్ము ఉంది, నాచు ఉంది. వెలుగును వెదజల్లేది వీటిలో ఏది? సముద్రాన్ని కలకత్తాకు తేలేరు కాబట్టి దాని నమూనాను సీసాలో తయారుచేశారు. దుమ్ము లేకుండా శుద్ధిచేసిన నీటిలోకి గట్టి వెలుగును పంపి, పక్క నుండి చూశారు. ఏ మలినమూ లేని నీటిలో కూడా వెలుగు దారి సన్నగా నీలంగా కనపడింది. నీటి అణువులు ఎప్పుడూ కదులుతూ ఉండడం వల్ల నీటి సాంద్రతలో క్షణక్షణం ఏర్పడే అతిచిన్న హెచ్చుతగ్గులే వెలుగును చెదరగొడుతున్నాయి. ఎంత చెదరాలో ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత కొలిచి, రెండింటినీ పోల్చారు. 1922లో ఈ పరిశోధన రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. నీరు ఎరుపు వెలుగును మింగివేస్తుందని, మిగిలిన నీలం వెనక్కి చెదరి మన కంటికి చేరుతుందని ఈ రోజు మనం చదువుకుంటున్నాం.

ఆయన అక్కడితోనూ ఆగలేదు. ఎల్.ఎ. రామ్‌దాస్ అనే శిష్యునితో కలిసి నీటి లోపలి సంగతి వదిలి, ద్రవాల పైపొరను పరీక్షించారు. కంటికి అద్దంలా కనపడే ద్రవం కూడా నిజానికి నున్నగా ఉండదు. అణువుల కదలిక వల్ల దాని మీద కంటికి కనపడనంత చిన్న అలలు ఎప్పుడూ ఉంటాయి. ఆ అలల వల్ల పైపొర నుండి కూడా వెలుగు అన్ని దిక్కులకూ కొంత చెదురుతుంది. ఇది 1920ల నాటి పని. నీటి ఉపరితలం ఎంత గరుకుగా ఉందో దాని నుండి చెదరి వచ్చిన తరంగాన్ని బట్టి తెలుసుకోవచ్చన్న ఆలోచన ఇందులో ఉంది. ఆ రామ్‌దాస్ గారే తర్వాత వాతావరణశాఖలో చేరి, పూనాలో 1932లో మొదలైన వ్యవసాయ వాతావరణ విభాగాన్ని నడిపించారు. పైరుకూ వాతావరణానికీ ఉన్న సంబంధాన్ని మన దేశంలో శాస్త్రంగా నిలబెట్టిన వారిలో ఆయన ముఖ్యులు. ద్రవపు పైపొర మీది చిన్న అలలను చూసిన కన్నే రైతు పొలాన్ని కూడా చూసింది.

1928 ఫిబ్రవరి 28

నీటితో మొదలైన పని ఇతర ద్రవాలకు పాకింది. చెదరిన వెలుగులో, పంపిన రంగు కాక వేరే రంగు కూడా అతి సన్నగా కనపడుతోందని శిష్యులు గమనించారు. మొదట అది మలినం వల్ల అనుకున్నారు. ఎంత శుద్ధిచేసినా అది పోలేదు. కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి రామన్ ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో ద్రవాలను పరీక్షించారు. 1928 ఫిబ్రవరి 28న ఆ కొత్త రంగు అణువుల ముద్ర అని స్పష్టమైంది. అణువు వెలుగు నుండి కొంత శక్తి తీసుకుంటుంది, లేదా దానికి కొంత ఇస్తుంది. అందువల్ల రంగు మారుతుంది. ఏ అణువు ముద్ర దానిదే. ఇదే రామన్ ఫలితం. దీనికి వాడిన పరికరాల ఖరీదు కొన్ని వందల రూపాయలకు మించదని చెబుతారు. అదే సమయంలో రష్యాలో లాండ్స్‌బెర్గ్, మండెల్‌స్టామ్ అనే శాస్త్రవేత్తలు స్ఫటికాలలో ఇదే విషయాన్ని కనుగొన్నారు. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది. సైన్సులో ఈ బహుమతి పొందిన మొదటి ఆసియావాసి ఆయనే.

ఆయన శిష్యుల్లో మన తెలుగువాడు సూరి భగవంతం గారు కూడా ఉన్నారు. ఆయన తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరై, 1960లలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

వెలుగు నుండి రేడార్‌కు

ఇప్పుడు మొదట చెప్పిన ఉపగ్రహాల దగ్గరకు వద్దాం. రేడార్ పనిచేసేది రామన్ ఫలితం వల్ల కాదు. పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. కాని నీటి నుండి చెదరి వచ్చే తరంగాన్ని చదవడం అనే మూల ప్రశ్న రెండింటికీ ఒక్కటే.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఓడలను కనిపెట్టడానికి రేడార్ వాడినప్పుడు, తెర నిండా సముద్రపు అలల చుక్కలు కనపడి చిరాకు పెట్టేవి. అప్పట్లో అది అడ్డంకి మాత్రమే. 1955లో న్యూజిలాండులో క్రోంబీ అనే శాస్త్రవేత్త ఆ అడ్డంకినే పాఠంగా చదివాడు. ఆయన పంపిన రేడియో తరంగం పొడవు సుమారు 22 మీటర్లు. అంత పెద్ద సముద్రంలో ఎన్నో పొడవుల అలలుండగా, ముఖ్యంగా 11 మీటర్ల అలలే గట్టిగా జవాబిచ్చాయి. సరిగ్గా సగం పొడవు. కారణం సులభం. ఒక అల శిఖరం నుండి, దాని వెనుక ఉన్న శిఖరం నుండి వచ్చే ప్రతిధ్వనులను ఊహించండి. రెండో శిఖరానికి తరంగం పోవడానికి 11 మీటర్లు, రావడానికి 11 మీటర్లు, మొత్తం 22 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. అంటే సరిగ్గా ఒక పూర్తి తరంగం. అందువల్ల రెండూ అడుగులో అడుగు కలిపి వస్తాయి. వరుసగా ఉన్న శిఖరాలన్నీ అలా ఒకే తాళంలో కలిస్తే, మన కోలాటంలో కర్రలన్నీ ఒక్కసారి మోగినట్టు జవాబు గట్టిగా వస్తుంది. మిగతా అలల జవాబులు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి.

ఉపగ్రహంలోని రేడార్ తరంగం రెండు సెంటీమీటర్ల పైచిలుకే ఉంటుంది. అది ఏటవాలుగా పడుతుంది కాబట్టి, దానికి జవాబిచ్చే అలలు సుమారు సెంటీమీటరున్నర పొడవున్న చిరు అలలు. గాలి వీచగానే నీటి మీద పులకరింపులా లేచే అలలు అవే. గాలి ఎక్కువైతే అవి ఎక్కువ, జవాబూ ఎక్కువ. ఒకే చోటును వేరు వేరు దిక్కుల నుండి చూస్తే గాలి ఎటు వీస్తోందో కూడా తెలుస్తుంది. శ్రీహరికోట నుండి 2009లో ఓషన్‌శాట్-2, 2016లో స్కాట్‌శాట్-1, 2022 నవంబరులో ఓషన్‌శాట్-3గా పిలిచే ఇ.ఓ.ఎస్-06 ఈ పరికరంతోనే వెళ్ళాయి. మన తీరంలో మచిలీపట్నం, యానాం దగ్గర నేల మీద నుండి సముద్ర ప్రవాహాలను చూసే రేడార్లను కూడా ఏర్పాటు చేశారు.

కంప్యూటర్లో కట్టిన సముద్రం

పరికరాన్ని పైకి పంపే ముందే దానికి ఏమి కనపడుతుందో తెలియాలి. అందుకు ఇంజనీర్లు రామన్ సీసాలో సముద్రాన్ని తెచ్చినట్టు, కంప్యూటర్లో ఒక సముద్రాన్ని కడతారు. ఫలానా వేగంతో గాలి వీస్తే ఏ పొడవు అలలో ఎంత బలం ఉంటుందో మొదట లెక్క తీస్తారు. అలాంటి వేల అలలను, ఏది ఎక్కడ మొదలవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, ఒకదాని మీద ఒకటి కలుపుతారు. అప్పుడు నిజమైన సముద్రంలా ఎగుడుదిగుడుగా ఉన్న ఒక ఉపరితలం తయారవుతుంది. దాన్ని చిన్న చిన్న పలకలుగా కోస్తారు. ఏ పలక ఎటు వంగి ఉంది, దాని మీద చిరు అలలెన్ని ఉన్నాయి, దాని నుండి ఎంత తరంగం వెనక్కి వస్తుంది అని ఒక్కొక్కదానికి లెక్క కడతారు. చివరికి అన్నింటినీ తరంగాలుగానే కలుపుతారు. కొన్ని తోడవుతాయి, కొన్ని కొట్టుకుపోతాయి.

ఆ లెక్క నిజమా కాదా అని తేలేది మాత్రం సముద్రంలోనే. నీటిలో తేలే పరికరాలు కొలిచిన గాలితో దాన్ని పోల్చాలి. తేడా వస్తే లెక్కే మారాలి, సముద్రం మారదు. రేలీ అంతటివాడు చెప్పినా పట్టకం తిప్పి చూడాలన్న రామన్ పాఠం ఇక్కడా అదే.

ఇదంతా మీరు హాస్టల్లోనే చూడవచ్చు. రాత్రి దీపాలార్పి, వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోయండి. నీళ్ళు కదలకుండా నిలిచాక టార్చిని మీ కంటి పక్కనే పట్టుకొని కొద్దిగా ఏటవాలుగా వేయండి. వెలుగు అవతలి గోడ మీదికి పోతుంది, నీళ్ళ మీద మీకు మెరుపు కనపడదు. ఇప్పుడు పక్కవాణ్ణి మెల్లగా ఊదమనండి. నీళ్ళ మీద తళుకులు లేచి మీ కంటికి చేరతాయి. గట్టిగా ఊదితే తళుకులు ఇంకా ఎక్కువ. తిరిగి వచ్చిన వెలుగును బట్టి ఊదిన బలం చెప్పగలిగితే, ఉపగ్రహం చేసే పని మీరు చేసినట్టే. ఇంకో గ్లాసులో రెండు చుక్కల పాలు కలిపి టార్చి వేసి పక్క నుండి చూడండి, లేత నీలం కనపడుతుంది.

బెంగుళూరు రోజులు, మూసుకున్న తలుపులు

1933లో రామన్ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టరయ్యారు. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని స్థాపించారు. పాలకమండలితో పొసగక 1937లో డైరెక్టర్ పదవి వదిలారు. ప్రొఫెసర్‌గా 1948 వరకు అక్కడే ఉండి, తర్వాత స్వంతంగా రామన్ పరిశోధన సంస్థను నిర్మించుకున్నారు. 1954లో భారతరత్న అందుకున్నారు. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఆ సంస్థ తోటలోనే దహనం చేశారు.

మహనీయుల జీవితాలు రాసేటప్పుడు మనం మంచి మాత్రమే రాస్తాం. అది వాళ్ళకు న్యాయం కాదు, మనకు మేలు కాదు. 1933లో బొంబాయి నుండి కమల అనే యువతి, తర్వాత కమలా సోహోనీగా పేరొందినామె, ఇన్‌స్టిట్యూట్‌లో చేరడానికి వచ్చింది. ఆమె మార్కుల్లో లోపం లేదు. ఆడపిల్ల అనే ఒక్క కారణంతో రామన్ చేర్చుకోనన్నారు. ఆమె కదల్లేదు. కారణం చెప్పమని నిలదీసింది. చివరికి ఒక సంవత్సరం పరీక్షగా, అవమానకరమైన షరతులతో చేర్చుకున్నారు. ఆమె పని చూశాక రామన్ మెత్తబడ్డారు, ఆ తర్వాత ఇతర ఆడపిల్లలకూ దారి దొరికింది. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందింది. రామన్ ప్రయోగశాలలో 1940లలో పనిచేసిన అన్నా మణి, ఎం.ఎస్సి. లేదన్న కారణంతో డాక్టరేట్‌కు నోచుకోకపోయినా, వాతావరణశాఖలో చేరి గాలిని, ఎండను కొలిచే పరికరాలను మన దేశంలోనే తయారుచేయించింది.

లార్డ్ రేలీ మాటను పరీక్షించి చూసిన రామన్, ఆడపిల్లలకు సైన్సు ఎందుకన్న లోకం మాటను మాత్రం పరీక్షించకుండానే నమ్మారు. ఆ పట్టకాన్ని ఆయన వైపు తిప్పి చూపింది కమల. ఇది మనం మరిచిపోకూడదు. ఎందుకంటే పరీక్షించకుండా నమ్మిన మాటల వల్లనే మన తాతముత్తాతలు బడి బయట నిలబడ్డారు. ఈ పిల్లలకు ఇంత పెద్ద చదువు ఎందుకని మనల్ని అడిగినవాళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. వాళ్ళకు జవాబు కోపం కాదు, మనం చేసి చూపే పని.

మనకు మిగిలిన పని

మన ఇళ్ళలో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. జూన్‌లో ఒక పదును పడుతుంది. ఆశపడి అప్పు తెచ్చి విత్తనం వేస్తారు. తర్వాత నెల రోజులు మబ్బు ముఖం చాటేస్తుంది. మొలక మాడిపోతుంది, అప్పు మిగిలిపోతుంది. అప్పు మిగిలిన ఇంటి పిల్లలే ఎక్కువగా మన హాస్టల్‌కు వస్తారు. అరేబియా సముద్రం మీది గాలిని ఉపగ్రహం చూస్తోంది. ఆ సమాచారంతో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, వాతావరణశాఖ పనిచేస్తున్నాయి. అయినా ఆ పెద్ద లెక్కకు, మన నాలుగెకరాల మెట్ట చేనుకు మధ్య దూరం ఇంకా చాలా ఉంది. ఏ వారం విత్తాలో మన ఊరికి కచ్చితంగా చెప్పగల లెక్క ఇంకా తయారు కావాలి. ఆ లెక్క చేసేవాళ్ళకు ఉపగ్రహం గురించి ఎంత తెలియాలో, మాడిన మొలక గురించి అంత తెలియాలి. ఆ రెండోది మనకు పుట్టుకతోనే తెలుసు. మొదటిది చదివితే వస్తుంది.

మన ప్రశాంతి నిలయం స్టేషన్‌లో రైలెక్కితే, రామన్ చివరిదాకా పనిచేసిన బెంగుళూరు కొన్ని గంటల దూరమే. ఒకరోజు మీరు అక్కడికి విద్యార్థిగా వెళ్ళాలని, అంతకంటే ముందు ఈ రాత్రే పళ్ళెంలో నీళ్ళు పోసి టార్చి వేసి చూడాలని మీ అన్నగా కోరుకుంటున్నాను. పళ్ళెం కడిగి మళ్ళీ వంటగదిలో పెట్టడం మరిచిపోకండి.